గోల్‌పోస్టు వెనక చోటు



ఆట ముగియడానికి ఇంకా 13 నిమిషాలుంది. సొంత జట్టు రెండు గోల్స్ కొట్టి ముందుంది. అలాంటి వేళ మైదానం వదిలి కదలాలని ఏ అభిమానికీ అనిపించదు. కానీ 2016 ఫిబ్రవరి 6న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో, ఆన్‌ఫీల్డ్ మైదానంలో, 77వ నిమిషం రాగానే సుమారు 10 వేలమంది లేచి బయటికి నడిచారు. ఆ అంకెను వాళ్లు ఊరికే ఎంచుకోలేదు. విస్తరిస్తున్న మెయిన్ స్టాండులో వచ్చే సీజన్‌కు పై ధర 77 పౌండ్లని క్లబ్బు అంతకు కొద్ది రోజుల ముందే ప్రకటించింది. జనం వెళ్లిపోయాక ఎదుటి జట్టు సండర్‌లాండ్ రెండు గోల్స్ కొట్టి ఆటను సమం చేసుకుంది. వారం తిరక్కముందే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాతి సీజన్ నుంచి ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ పొరుగూరి నుంచి వచ్చే అభిమానులకు 30 పౌండ్లకు మించి టికెట్ అమ్మరాదని ఒప్పుకున్నాయి.

ఆ రోజు లేచి వెళ్లినవాళ్లది అలక. అలిగినవాళ్లు మళ్లీ ఇల్లు చేరతారు. వీళ్లు కాక, గత 30 ఏళ్లలో ఇంగ్లండ్ పెద్ద మైదానాల నుంచి చప్పుడు చేయకుండా తప్పుకొని, మరి తిరిగి రానివాళ్లున్నారు. వాళ్లు ఫుట్‌బాల్‌ను వదిలిపెట్టలేదు. తమ పేటలోనే, బస్సు దిగి నాలుగడుగులు వేస్తే వచ్చే చిన్న మైదానానికి వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ ఆడేవాళ్లలో ఒకడు బడిపంతులు, ఒకడు తాపీమేస్త్రీ, ఇంకొకడు సామాన్లు చేరవేసే వ్యాను తోలేవాడు. చూసేవాళ్లు 200 కావచ్చు, 2 వేలు కావచ్చు. ఆ ఫుట్‌బాల్‌ను వాడుకలో నాన్-లీగ్ అంటారు. ఈ ప్రసంగం దాని గురించే.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఒక పొడవాటి నిచ్చెన. పై మెట్టు ప్రీమియర్ లీగ్, అందులో 20 క్లబ్బులు. దాని కింద మూడు డివిజన్లలో 72. ఈ 92 క్లబ్బుల కింద ఉన్నదంతా నాన్-లీగే. ఐదో మెట్టు పేరు నేషనల్ లీగ్. ఆరో మెట్టులో అది ఉత్తరం, దక్షిణం అని రెండుగా చీలుతుంది. ఇంకా దిగితే నార్తర్న్ ప్రీమియర్, సదర్న్, ఇస్త్మియన్ లీగులు. ఆ కింద ప్రాంతీయ లీగులు, జిల్లా లీగులు, చివరికి పల్లెటూరి పచ్చిక. ఒకప్పుడు నాలుగో మెట్టుకూ ఐదో మెట్టుకూ మధ్య తలుపు మూసి ఉండేది. పైనున్న క్లబ్బులు ఓటు వేసి రానిస్తే తప్ప కిందివాళ్లు ఎక్కలేరు. 1986–87 సీజన్‌లో ఆ తలుపు తెరుచుకుంది. గెలిచినవాళ్లు నేరుగా పైకి, ఓడినవాళ్లు నేరుగా కిందికి. స్కార్‌బరో అనే సముద్రతీర పట్టణం మొదట ఎక్కింది. లింకన్ సిటీ మొదట దిగింది.

చిన్న క్లబ్బులంటే నిన్నమొన్న పుట్టినవని అనుకోకూడదు. లోకంలో ఇప్పటికీ ఆడుతున్న క్లబ్బుల్లో అన్నింటికన్నా పాతది షెఫీల్డ్ ఎఫ్‌సీ. 1857 అక్టోబర్ 24న పుట్టింది. అది ఉన్నది ఈ కింది మెట్లలోనే. 2004లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా తన గౌరవ పురస్కారాన్ని రెండే క్లబ్బులకు ఇచ్చింది. ఒకటి స్పెయిన్‌కు చెందిన రియల్ మాడ్రిడ్, రెండోది ఈ షెఫీల్డ్. షెఫీల్డ్ నగర శివారులోనే శాండీగేట్ అనే మైదానం ఉంది. హాలమ్ క్లబ్బు అక్కడ ఆడుతుంది. 1860 డిసెంబర్ 26న ఈ రెండు క్లబ్బులూ ఆ పచ్చిక మీదే తలపడ్డాయి. నేల ఒక పక్కకు బాగా వాలి ఉంటుంది. ఇవాళ్టికీ సగం ఆటలో ఎగువకూ సగం ఆటలో దిగువకూ పరుగెత్తాల్సిందే. అంత చరిత్ర ఉన్న చోటుకు శనివారం మధ్యాహ్నం కొద్దిపాటి పౌండ్లతో ఎవరైనా వెళ్లి నిలబడవచ్చు.

మరి పెద్ద ఫుట్‌బాల్ అంత ఖరీదు ఎలా అయింది?

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిడి జరిగింది. ఇనుప కంచెల మధ్య జనం నలిగిపోయిన ఆ దుర్ఘటన 97 మందిని పొట్టన పెట్టుకుంది. విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక ఇచ్చాడు. పెద్ద మైదానాల్లో నిలబడి చూసే మెట్లు తీసేసి, అందరికీ సీట్లు వేయాలన్నాడు. సీట్లు వేసినంత మాత్రాన ధరలు పేదవాడికి అందకుండా పోనక్కర్లేదని కూడా ఆ నివేదికలోనే ఉంది. ఉదాహరణగా గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానాన్ని చూపించాడు. అప్పుడు అక్కడ సీటు 6 పౌండ్లు, నిలబడే చోటు 4 పౌండ్లు. సీట్ల మాటను క్లబ్బులు పాటించాయి. ధరల మాట మరుగున పడింది. 1992లో పై క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి. టీవీ డబ్బు వరదలా వచ్చింది. 2025–26 నుంచి నాలుగేళ్లకు బ్రిటన్‌లో ప్రసార హక్కులే 670 కోట్ల పౌండ్లకు అమ్ముడయ్యాయి.

అంత సొమ్ము వస్తుంటే గేటు దగ్గర ధర తగ్గాలి కదా అని మామూలు మనిషికి అనిపిస్తుంది. పైకే వెళ్లింది. 2024 నవంబరులో, సీజన్ నడుస్తుండగానే, మాంచెస్టర్ యునైటెడ్ అప్పటికి అమ్ముడుకాని టికెట్లను ఒక్కోటి 66 పౌండ్లకు అమ్ముతామని చెప్పింది. పిల్లలకూ వృద్ధులకూ ఇచ్చే తగ్గింపు తీసేసింది. ఒక తండ్రి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్తే టికెట్లకే 198 పౌండ్లు. అంటే 20 వేల రూపాయలకు పైమాట. అదీ టికెట్ దొరికితే. చాలా పెద్ద క్లబ్బుల్లో ముందు డబ్బు కట్టి సభ్యత్వం తీసుకోవాలి, ఆ తర్వాతే టికెట్ కోసం వరసలోకో లాటరీలోకో అడుగుపెట్టే వీలు.

ధర ఒక్కటే అయితే కొందరు కడుపు కట్టుకునైనా వెళ్లేవారు. వేళలు కూడా పోయాయి. తరతరాలుగా శనివారం మధ్యాహ్నం 3 గంటలంటే ఇంగ్లండ్‌లో ఆట మొదలయ్యే వేళ. ఇప్పుడు పెద్ద జట్ల ఆటలు టీవీ కోరినట్టు శనివారం 12:30కు, సాయంత్రం 5:30కు, ఆదివారం 4:30కు, సోమవారం రాత్రి 8కి చెదిరిపోయాయి. దూరపు ఊరు వెళ్లిన అభిమానికి సోమవారం రాత్రి ఆట ముగిశాక ఇంటికి రైలుండదు. చుట్టూ ఉన్న మనుషులు కూడా మారిపోయారు. సీట్ల నంబర్లు వచ్చాక, 20 ఏళ్లు పక్కపక్కన నిలబడి అరిచిన స్నేహితులు తలో మూలకూ పోయారు. పెద్ద మైదానాన్ని వదిలినవాళ్లు చెప్పే కారణాల్లో ఈ పక్కచోటు పోవడం ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది.

నాన్-లీగ్ మైదానంలో ఆ పక్కచోటు ఇంకా ఉంది. పెద్దలకు టికెట్ చాలాచోట్ల 10 నుంచి 15 పౌండ్ల లోపు. పిల్లలకు రెండు మూడు పౌండ్లు, కొన్నిచోట్ల ఉచితం. ముందుగా కొనక్కర్లేదు. గేటు దగ్గర డబ్బిచ్చి లోపలికి పోవడమే. సీటు కావాలంటే ఉంటుంది, లేదంటే ఎక్కడైనా నిలబడవచ్చు. సొంత జట్టు ఏ గోలు వైపు దాడి చేస్తుందో ఆ గోల్‌పోస్టు వెనక జనం గుమిగూడతారు. సగం ఆట కాగానే జట్లు వైపులు మారతాయి. జనం కూడా జెండాలు చుట్టుకొని, టీ కప్పులు పట్టుకొని, మైదానం చుట్టూ నడిచి అటు గోలు వెనక్కి చేరతారు. రెండు ఊళ్ల అభిమానులూ దారిలో ఎదురుపడి ఒకరినొకరు దాటుకుంటూ పోతారు. మధ్యలో పోలీసుల గోడ ఉండదు. ఈ నడక చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద ఫుట్‌బాల్‌లో ఇది కనిపించకుండా పోయి చాలాకాలమైంది.

చట్టం కూడా ఇక్కడ కొంచెం సడలుతుంది. 1985లో వచ్చిన చట్టం ప్రకారం పై ఐదు మెట్ల మైదానాల్లో ఆట కనిపించే చోట మద్యం తాగకూడదు. ఆరో మెట్టు నుంచి ఆ పట్టింపు లేదు. అందుకే కింది మైదానాల్లో క్లబ్బు బారు గోలుకు కూతవేటు దూరంలోనే ఉంటుంది. ఆట అయ్యాక రెండు జట్ల ఆటగాళ్లూ అక్కడికే వస్తారు. గంట కింద గోలు తప్పిన కుర్రాణ్ని అదే ఊరి పెద్దాయన భుజం తట్టి ఓదారుస్తాడు. అట్లా కాకపోతే మొహం మీదే చీవాట్లు పెడతాడు.

ఇలాంటి మైదానాల్లో ఒకదాన్ని దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. దక్షిణ లండన్‌లో ఈస్ట్ డల్విచ్ అనే పేట ఉంది. అక్కడి క్లబ్బు డల్విచ్ హామ్లెట్. 1893లో పుట్టింది. చొక్కాలు గులాబీ, ముదురు నీలం రంగుల్లో ఉంటాయి. మైదానం పేరు ఛాంపియన్ హిల్. 1933లో అక్కడ జరిగిన, డబ్బు తీసుకోకుండా ఆడే జట్ల అమెచ్యూర్ కప్పు ఫైనల్‌కు 20 వేలకు పైగా జనం వచ్చారు. డల్విచ్ ఆ కప్పును నాలుగుసార్లు గెలిచింది. ఆ క్లబ్బు దేవుడు ఎడ్గర్ కెయిల్. వృత్తిరీత్యా సేల్స్‌మన్. క్లబ్బు తరఫున 400కు పైగా గోల్స్ కొట్టాడు. పెద్ద క్లబ్బులు పిలిచినా డబ్బుకు ఆడనన్నాడు. 1929లో ఇంగ్లండ్ జాతీయ జట్టుకు మూడు ఆటలు ఆడాడు. నాన్-లీగ్ క్లబ్బులో ఉంటూ ఇంగ్లండ్‌కు ఆడిన మనిషి అతను. మైదానానికి వెళ్లే దారికి అతని పేరే పెట్టారు. అతని ఆట కళ్లారా చూసినవాళ్లెవరూ ఇప్పుడు లేకపోయినా, గోల్‌పోస్టు వెనక జనం అతని పేరు పెట్టి పాడుతూనే ఉన్నారు.

ఒక తరం కింద ఈ క్లబ్బుకు వందల్లోనే జనం వచ్చేవారు. 2010 తర్వాత అది వేలకు పెరిగింది. చుట్టుపక్కల అద్దెలు పెరిగి కొత్తగా వచ్చి చేరిన యువతీయువకులు, చంటిపిల్లల తల్లిదండ్రులు, పెద్ద క్లబ్బుల ధరలకు విసిగిన నడివయసువాళ్లు, కుక్కల్ని వెంట తెచ్చుకునేవాళ్లు, అందరూ కలిశారు. వాళ్లకు రాబుల్ అనే పేరు స్థిరపడింది, అల్లరిమూక అని అర్థం. ఈ అల్లరిమూక 2015లో ఒక మంచి పని చేసింది. స్వలింగ ప్రియుల జట్టుగా పేరున్న స్టోన్‌వాల్ ఎఫ్‌సీతో డల్విచ్ స్నేహపూర్వక ఆట పెట్టించి, మైదానాల్లో వినిపించే దూషణలకు బదులు చెప్పింది.

ఆదరణ అలా పెరుగుతుండగానే ముప్పు వచ్చింది. లండన్‌లో నేల బంగారం. మైదానం ఒక ఆస్తుల సంస్థ చేతిలో ఉంది. అక్కడ ఇళ్లు కట్టే ప్రయత్నం అనుమతుల దగ్గర చిక్కుబడింది. 2018 మార్చిలో క్లబ్బును బయటికి పంపేశారు. అంతటితో ఆగకుండా, డల్విచ్ హామ్లెట్ అనే పేరునే వేరే కంపెనీ ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంది. ఇక ఆ పేరు వాడవద్దని 125 ఏళ్ల క్లబ్బుకు ఉత్తరం వచ్చింది. పేటంతా కదిలింది. ఊరేగింపులు జరిగాయి, విషయం పార్లమెంటు దాకా వెళ్లింది, పేరు తిరిగి క్లబ్బుకు దక్కింది. ఆ వసంతంలో పొరుగు క్లబ్బు టూటింగ్ మైదానంలో తలదాచుకుంటూనే డల్విచ్ గెలిచి ఆరో మెట్టు ఎక్కింది. డిసెంబరులో సొంత మైదానానికి తిరిగొచ్చింది. పెద్ద క్లబ్బు అయితే ఆ పోరాటం న్యాయవాదులు చేసేవారు. ఇక్కడ గులాబీ రంగు మఫ్లర్లు కట్టుకున్న మామూలు జనం చేశారు.

ఇంకొందరు మరో అడుగు ముందుకు వేశారు. ఉన్న చిన్న క్లబ్బుకు వెళ్లే బదులు కొత్తది పుట్టించారు.

వింబుల్డన్ కథ ఇందులో మొదటిది. 1889లో పుట్టిన క్లబ్బు, 1988లో లివర్‌పూల్‌ను ఓడించి, పై మెట్ల జట్లూ కింది మెట్ల జట్లూ కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్పు గెలిచిన క్లబ్బు. దాన్ని 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించుకోవచ్చని 2002 మే 28న ఒక సంఘం తీర్పిచ్చింది. అభిమానులు ఆ జట్టు వెంట వెళ్లలేదు. నెల తిరిగేసరికి ఊరి పచ్చిక బయల్లో ఆటగాళ్ల ఎంపిక పెట్టారు. 200 మందికి పైగా వచ్చారు. జూలైలో సట్టన్ యునైటెడ్‌తో ఆడిన మొదటి స్నేహపూర్వక ఆటలో 4–0తో ఓడారు. ఆ ఓటమిని చూడటానికి వచ్చినవాళ్లు 4,657 మంది. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని పేరు పెట్టుకున్న ఆ జట్టు తర్వాత వరసగా 78 లీగ్ ఆటలు ఓడకుండా ఆడింది. తొమ్మిదేళ్లలో ఐదు మెట్లు ఎక్కి 2011లో 92 క్లబ్బుల్లో చేరింది. 2020 నవంబరులో తన పాత వీధి ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియం తెరిచింది. కొవిడ్ వల్ల ఆ మొదటి ఆటను చూడటానికి, 18 ఏళ్లు ఎదురుచూసిన అభిమానుల్ని లోపలికి రానివ్వలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలిగించే సంగతి అది.

తెలుగువాళ్లకు ఈ బాధ కొత్త కాదు. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది హైదరాబాద్ ఎఫ్‌సీ. మూడేళ్లు గడిచాక, 2025లో, డబ్బు చిక్కుల తర్వాత, ఆ క్లబ్బు కొత్త యజమానుల చేతిలో ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి మైదానంలో పసుపు చొక్కాలతో అరిచిన కుర్రవాళ్లకు రాత్రికి రాత్రి జట్టు లేకుండా పోయింది. వింబుల్డన్‌కు దొరికినట్టు, కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టి పై దాకా ఎక్కగలిగే తెరిచిన నిచ్చెన వాళ్లకు కాళ్ల దగ్గర కనిపించలేదు.

వింబుల్డన్ అభిమానులు కొత్త జట్టు పెట్టుకున్న మూడేళ్లకు, 2005లో, మాంచెస్టర్‌లో రెండో కథ. అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం 790 మిలియన్ పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌ను కొంది. అందులో చాలాభాగం అప్పు, ఆ అప్పు క్లబ్బు నెత్తినే పడింది. అభిమానుల్లో కొందరు బయటికొచ్చి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ పెట్టారు. నియమం సూటిగా ఉంటుంది. ఎంత డబ్బు పెట్టినా ఒక సభ్యుడికి ఒకే ఓటు. చొక్కా మీద ఏ కంపెనీ పేరూ ఉండకూడదు. పదో మెట్టు నుంచి మొదలుపెట్టారు. ఆ మొదటి ఏడాదే సగటున 3 వేలమంది వచ్చారు. ఎదుటి జట్లలో కొన్నింటికి అంతకు ముందు 100 మంది వస్తే పండగ. వరసగా మూడు సీజన్లు మూడు మెట్లు ఎక్కారు. 2010 నవంబరులో ఎఫ్‌ఏ కప్పులో తమకన్నా నాలుగు మెట్లు పైనున్న రాచ్‌డేల్‌ను 3–2తో ఓడించారు.

ఆ క్లబ్బు సీజన్ టికెట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కనీస ధర ఒకటి పెట్టి, ఆ పైన ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వమన్నారు. ఉన్నవాడు ఎక్కువ ఇస్తాడు, లేనివాడు తక్కువ ఇస్తాడు, ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడి చూస్తారు. ఈ పద్ధతిలో క్లబ్బు దివాలా తీస్తుందని అనుకున్నవాళ్లున్నారు. కానీ అభిమానులు తలా కొంత వేసుకున్న వాటాలతోనే 20 లక్షల పౌండ్లకు పైగా పోగుచేసి, ప్రభుత్వ సంస్థల సాయమూ కలుపుకొని, మోస్టన్ పేటలో బ్రాడ్‌హర్స్ట్ పార్క్ స్టేడియం కట్టుకున్నారు. 2015 మే నెలలో పోర్చుగల్ నుంచి బెన్‌ఫికా జట్టు వచ్చి దాన్ని తెరిచింది. తర్వాత అంతా సాఫీగా సాగలేదు. 2016లో పాలకవర్గం తీరు మీద సభ్యుల్లో పెద్ద గొడవ రేగి, పలువురు పదవులు వదులుకున్నారు. అందరికీ ఓటున్న ఇంట్లో మాటా మాటా పెరగడం సహజమే. ఆ గొడవలో కూడా నిర్ణయం అక్కడి గదిలోనే, సభ్యుల ఓట్లతోనే జరిగింది.

చిన్న ఫుట్‌బాల్ అంటే కష్టం లేని చోటు కాదు. టీవీ డబ్బు లేదు కాబట్టి గేటు సొమ్ము, బారు సొమ్ము, ఊరి దుకాణాల ప్రకటనలే ఆధారం. జనవరిలో నేల గడ్డకట్టి రెండు ఆటలు వాయిదా పడితే ఆ నెల జీతాలకు వెతుక్కోవాలి. పై మెట్టు ఆశతో తలకు మించి ఖర్చు పెట్టి మునిగిన క్లబ్బులున్నాయి. 92 క్లబ్బుల లోపల ఉన్నా భద్రత లేదు. 1900లోనూ 1903లోనూ ఎఫ్‌ఏ కప్పు గెలిచిన బరీ క్లబ్బును 2019 ఆగస్టులో లీగ్ నుంచి తీసేశారు. ఊళ్లో జనం మైదానం గేట్ల ముందు ఏడ్చారు. నాలుగేళ్లకు, 2023లో, తొమ్మిదో మెట్టులో, బరీ తన పాత గిగ్ లేన్ మైదానంలోనే మళ్లీ ఆడింది. వేలమంది వచ్చారు. ఇలాంటివి ఆపడానికే 2025 జూలైలో బ్రిటన్ పార్లమెంటు ఫుట్‌బాల్ పాలనకు ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పాటు చేస్తూ చట్టం తెచ్చింది. దాని చూపు పై ఐదు మెట్ల వరకే.

కింది మెట్లకు అండగా ఉన్నది అంతకన్నా పాత నియమం. 1960లలో బర్న్‌లీ క్లబ్బు అధ్యక్షుడు బాబ్ లార్డ్ పట్టుబట్టి సాధించినది. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు బ్రిటన్‌లో ఏ ఫుట్‌బాల్ ఆటనూ టీవీలో నేరుగా చూపకూడదు. పెద్ద ఆట ఇంట్లో కనిపిస్తే చిన్న మైదానానికి ఎవరు వెళ్తారన్నదే ఆయన వాదన. నియమం ఇప్పటికీ నడుస్తోంది. రేడియోకు ఆ నిషేధం లేదు. బ్రిటన్‌లో రేడియోలో తొలి ఫుట్‌బాల్ వ్యాఖ్యానం 1927 జనవరి 22న ఆర్సెనల్ మైదానం నుంచి వినిపించింది. ఇవాళ్టికీ శనివారం 3 గంటలకు చిన్న మైదానాల్లో ముసలివాళ్లు ఆట చూస్తూనే, చెవి దగ్గర చిన్న రేడియో పెట్టుకొని పెద్ద ఆటల గోల్స్ వింటుంటారు. 2010 నుంచి ఏటా నాన్-లీగ్ డే అని ఒకటి జరుపుతున్నారు. జాతీయ జట్ల ఆటల కోసం పై రెండు డివిజన్లూ ఆగే శనివారం చూసి, మీ పక్కనున్న చిన్న క్లబ్బుకు ఒక్కసారి వెళ్లి చూడండని పిలుపునిస్తారు. మొదలుపెట్టినది ఒక మామూలు అభిమానే.

ఈ మైదానాల మీద పెరిగి పైకెళ్లినవాళ్లలో జేమీ వార్డీ కథ చాలామందికి తెలుసు. కుర్రతనంలో షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు వద్దనుకుంది. అతను స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న క్లబ్బులో వారానికి 30 పౌండ్లకు ఆడుతూ, వైద్యంలో వాడే పట్టీలు చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. 2012లో లెస్టర్ సిటీ అతన్ని ఐదో మెట్టు నుంచి 10 లక్షల పౌండ్లకు కొంది. 2016లో లెస్టర్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. అది అరుదైన కథ. అలాంటి ఒక్కడి కోసం కాకుండా, మిగతా వందలమంది కోసమే జనం మైదానానికి వెళ్తారు.

అదే నిచ్చెన ఎఫ్‌ఏ కప్పు రోజున పైవాళ్లను కిందికి దించుతుంది. 2021 జనవరి 10న లివర్‌పూల్ పక్కన క్రాస్బీలోని మరైన్ క్లబ్బుకు ప్రీమియర్ లీగ్ జట్టు టాటెన్‌హామ్ వచ్చింది. మరైన్ ఎనిమిదో మెట్టులో ఉంది. రెండింటి మధ్య 161 స్థానాల తేడా. మైదానం పక్కనే ఇళ్ల పెరళ్లు. ఆటలో బంతి గోడ దాటి ఎవరి పెరట్లోనో పడటం అక్కడ మామూలు. కొవిడ్ వల్ల జనాన్ని రానివ్వలేదు. ఉత్తుత్తి టికెట్లు ఒక్కోటి 10 పౌండ్లకు అమ్మితే 30 వేలకు పైగా అమ్ముడయ్యాయి. టాటెన్‌హామ్ అభిమానులే చాలా కొన్నారు. మరైన్ 5–0తో ఓడింది. ఆ టికెట్ల సొమ్ము క్లబ్బును ఆ గడ్డుకాలం గట్టెక్కించింది.

ఈ చిన్న మైదానాలతో భారతదేశానికి ఒక పాత బంధం ఉంది. స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో తొలి ఆట ఆడింది 1948 జూలై 31న, తూర్పు లండన్ అంచున ఇల్‌ఫర్డ్‌లో. లండన్‌లోని పెద్ద మైదానం వెంబ్లీలో కాదు. చాలామంది కాళ్లకు బూట్లు లేకుండా ఆడారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకొని ఫ్రాన్స్ చేతిలో 2–1తో ఓడారు. రెండు రోజుల తర్వాత డల్విచ్ వాళ్ల ఛాంపియన్ హిల్ మీద కొరియా, మెక్సికో తలపడ్డాయి. ఆ తర్వాతి దశాబ్దంలో భారత జట్టును నడిపించినవాడు హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం రైడర్స్ అనే స్థానిక క్లబ్బు నుంచి వచ్చి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. భారత్ అక్కడ నాలుగో స్థానంలో నిలిచింది. ఇల్‌ఫర్డ్ లాంటి, డల్విచ్ లాంటి పేట ఫుట్‌బాలే ఒకప్పుడు మన ఊళ్లోనూ ఉండేదని చెప్పడానికి ఈ పేర్లు చాలు.

ఇల్‌ఫర్డ్‌కు కొద్ది దూరంలోనే ఈస్ట్ హామ్ ఉంది. చదువుకోసం లండన్ వెళ్లిన తెలుగు పిల్లలు చాలామంది గది తీసుకునేది ఆ చుట్టుపక్కలే. దోసెల హోటళ్లు దాటి బస్సెక్కితే ఫారెస్ట్ గేట్ వస్తుంది. అక్కడ ఓల్డ్ స్పాటెడ్ డాగ్ అనే మైదానం ఉంది. 1888 నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్న చోటు. 2018లో అభిమానులు సొంతంగా పెట్టుకున్న క్లాప్టన్ కమ్యూనిటీ క్లబ్బు 2020లో ఆ నేలను కొనుక్కుంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడిన వాలంటీర్ల జ్ఞాపకంగా ఎరుపు, పసుపు, ఊదా రంగుల్లో వాళ్లు చేయించిన చొక్కా స్పెయిన్‌లోనే వేల సంఖ్యలో అమ్ముడైంది. పనులన్నీ సభ్యులే చేసుకుంటారు. గేటు దగ్గర నిలబడేది, గీతలకు సున్నం వేసేది, టీ కాచేది వాళ్లే. మొదటిసారి వచ్చిన విద్యార్థికి ఎక్కడ నిలబడాలో ఎవరూ శాసించరు. కంచె పక్కన చోటు చూసుకుంటాడు. రక్షణ ఆటగాడు గాభరాగా తన్నిన బంతి కంచె మీదుగా వచ్చి వెనక పొదల్లో పడుతుంది. ఆడేవాళ్లు ఆగి అటే చూస్తారు. దగ్గరగా ఉన్నవాళ్లే వెళ్లి తెచ్చి విసరాలి. అతను టీ కప్పు నేల మీద పెట్టి పొదల వైపు పరుగెత్తుతాడు.